గంటకు 80 కిలోమీటర్లు దాటని బండికి నాలుగింతల ప్రీమియమా? బీమా నియంత్రణ సంస్థకు ఒక తిరుపతి ట్యాక్సీవాడి బహిరంగ లేఖ

హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని భారత బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ (ఐఆర్‌డీఏఐ) చైర్మన్ గారికి, సభ్యులకు; ఢిల్లీలోని కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల శాఖ అధికారులకు,

నమస్కారం.

నా పాలసీ ఏటా జూన్ 11 అర్ధరాత్రితో అయిపోతుంది. మా రాష్ట్రంలో మామూలుగా బడులు తెరిచేది జూన్ 12న. 2019లో ఎర్టిగా డెలివరీ తీసుకునేటప్పుడు తిథి, వారం, నక్షత్రం అన్నీ చూపించుకున్నాం. అలిపిరి పాదాల మండపం దగ్గర కొబ్బరికాయ కొట్టించాం. ఇద్దరు పిల్లల స్కూలు ఫీజు, బండి ఇన్సూరెన్సు ఏటా ఒకే వారంలో మీద పడతాయన్న ముక్క మాత్రం ఏ పంచాంగంలోనూ రాసి లేదు.

గత జూన్‌లో ఏజెంటు దగ్గర కూర్చున్నప్పుడు మొత్తం 22,700 చిల్లర అయింది. కాగితం ఇటు తిప్పమన్నాను. ఏ కాలమ్‌లో ఎంత ఉందో నాకూ చదవడం వచ్చు. ఓన్ డ్యామేజీ, అంటే నా బండికి జరిగే నష్టానికి కట్టేది, తక్కువే. ఆరేళ్ల బండి, విలువ తగ్గిపోయింది, పైగా క్లెయిమ్ లేనందుకు 50 శాతం బోనస్ ఉంది. డబ్బంతా పోయింది థర్డ్ పార్టీ కాలమ్‌లోనే, అంటే నా బండి వల్ల బయటివాళ్లకు జరిగే నష్టానికి కట్టేదాంట్లోనే. నా బండి 1,462 సీసీ. డ్రైవరు పోను ఆరుగురు ఎక్కొచ్చు. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి తెచ్చిన రేట్ల ప్రకారం బండికి 7,940, ఒక్కో ప్రయాణికుడి సీటుకు 978 చొప్పున ఆరు సీట్లకు 5,868, కలిపి 13,808 రూపాయలు. దాని మీద 18 శాతం జీఎస్టీ. మొత్తం 16,293.

మా వీధిలో రిటైరైన లెక్చరర్ గారికి కూడా ఎర్టిగానే ఉంది. అదే ఇంజను, అవే ఏడు సీట్లు. ఆయనది సొంత వాడకం కాబట్టి వైట్ బోర్డు, నాది బాడుగ బండి కాబట్టి ఎల్లో బోర్డు. ఆయన థర్డ్ పార్టీ 3,416. పన్నుతో కలిపి 4,031. నాలుగో వంతు!

ఇక్కడ ఒక మాట ముందే చెప్పాలి. నేను థర్డ్ పార్టీ బీమా వద్దనేవాణ్ని కాదు. మా చిన్నాన్నను పూతలపట్టు దగ్గర లారీ గుద్దింది. చిన్నమ్మ చిత్తూరు కోర్టు చుట్టూ నాలుగేళ్లు తిరిగింది. చివరకు వచ్చిన ఆ బీమా డబ్బుతోనే ఇల్లు నిలబడింది, చెల్లెలి పెళ్లి జరిగింది. ఆ లారీకి పాలసీ లేకపోయి ఉంటే ఓనరు దగ్గర రాబట్టుకునేది ఏముంటుంది? లారీని అమ్మినా ఫైనాన్సు బాకీకే సరిపోదు. చావుకు, గాయాలకు ఇచ్చే పరిహారానికి గరిష్ఠ పరిమితి లేదని, ట్రిబ్యునల్ ఎంత చెబితే అంత కంపెనీ కట్టాల్సిందేనని నాకు తెలుసు. లెక్చరర్ గారి బండి వారానికి ఒకసారి మార్కెట్టుకు, నెలకొకసారి కాణిపాకానికి పోతుంది. నాది ఏడాదికి అరవై, డెబ్భై వేల కిలోమీటర్లు తిరుగుతుంది. రేణిగుంట ఎయిర్‌పోర్టు, శ్రీకాళహస్తి, కాణిపాకం, తిరుచానూరు, కొండ. మళ్లీ రేణిగుంట. ఎక్కువ తిరిగేవాడు ఎక్కువ కట్టాలంటే కడతాను. అందులో నాకు తగాదా లేదు.

నా తగాదా ఇంకొకటి. సీసీ ఎంత, సీట్లు ఎన్ని, బోర్డు ఏ రంగు అని చూస్తారే, ఆ బండి నడిపేవాడు ఎట్లా నడుపుతున్నాడన్నది మీ లెక్కలో ఎక్కడుంది?

నేను స్టీరింగ్ పట్టుకుని 22 ఏళ్లు. మొదటి పదిహేనేళ్లు వేరేవాళ్ల బండ్లు, తర్వాత నాది. ఇన్నేళ్లలో నా బండి వల్ల ఒక మనిషికి దెబ్బ తగిలిందని కేసు లేదు. గొప్ప కోసం చెప్పడం లేదు. కొండ రోడ్డు మీద అన్నం తినేవాళ్లలో ఇట్లాంటివాళ్లు చాలామంది ఉన్నారు, మా స్టాండులోనే పదిమందిని చూపిస్తాను. ఓన్ డ్యామేజీలో మాత్రం మా జాగ్రత్తకు విలువ ఉంది. మొదటి ఏడాది క్లెయిమ్ లేకపోతే 20 శాతం, తర్వాత 25, 35, 45, చివరకు 50 దాకా తగ్గిస్తారు. అసలు డబ్బు పోయే థర్డ్ పార్టీలో మాత్రం ఒక్క రూపాయి తగ్గదు. నిన్న మొన్న లైసెన్సు తీసుకుని, ఏడాదికి రెండు యాక్సిడెంట్లు చేసినవాడికీ 13,808. నాకూ 13,808.

ఆ 50 శాతం బోనస్ కాపాడుకోవడానికి మేం పడే పాట్లు కూడా కాస్త వినండి. రెండేళ్ల కిందట లీలామహల్ సర్కిల్‌లో ఒక బైకు అబ్బాయి వెనక నుంచి వచ్చి బంపర్‌ను గీరేశాడు. షెడ్డులో 6,500 అన్నారు. క్లెయిమ్ పెడితే ప్లాస్టిక్ భాగాలకు సగం కోస్తారు, మనం పెట్టుకోవాల్సింది తీసేస్తారు, పైగా వచ్చే ఏడు బోనస్ మొత్తం పోతుంది. జేబులోంచే కట్టేశాను. ఏడేళ్లుగా ప్రీమియం కడుతున్నాను. కంపెనీ నుంచి ఇప్పటిదాకా నా చేతికి వచ్చింది కొత్త సంవత్సరం క్యాలెండర్లు రెండు.

కొండ రోడ్డు సంగతి కూడా చెబుతాను. మీ ఆఫీసులో రేట్లు నిర్ణయించే పెద్దలు దర్శనానికి వచ్చే ఉంటారు. దిగేటప్పుడు వెనక సీట్లో కునుకు తీసి ఉంటారు కాబట్టి గమనించి ఉండకపోవచ్చు.

కొండకు రెండు ఘాట్ రోడ్లు. 1944లో వేసిన పాత రోడ్డు దిగడానికి, 1974లో వచ్చిన రెండో రోడ్డు ఎక్కడానికి. ఎక్కడం పెద్ద కష్టం కాదు, ఇంజను చూసుకుంటుంది. దిగేటప్పుడే మనిషి పనితనం తెలిసేది. నాకు డ్రైవింగ్ నేర్పిన పెద్దాయన మొదటిరోజు చెప్పింది ఒకటే మాట: "ఏ గేరులో ఎక్కినావో ఆ గేరులోనే దిగాల రా. బ్రేకు అనేది ఆపేదానికి, దిగేదానికి కాదు." ఇప్పటికీ రెండో గేరులో వదిలేసి, మలుపు ముందు మాత్రం బ్రేకు మీద కాలు పెడతాను.

పోయిన చలికాలం ఒకరోజు సాయంత్రం దిగుతున్నాను. నా ముందు బయటి రాష్ట్రం కారు, వైట్ బోర్డు, ఆటోమేటిక్ బండి. వెనక ఎర్ర లైట్లు వెలిగినవి ఆరడం లేదు. అంటే ఆయన కాలు బ్రేకు మీద నుంచి తీయడం లేదన్నమాట. నాలుగు మలుపులు చూశాను. ఐదో మలుపులో వాసన వచ్చింది. కాలిన రబ్బరు, కాలిన ఇనుము కలిసినట్టుండే ఆ వాసన ఒక్కసారి ముక్కుకు తగిలితే జన్మలో మర్చిపోరు. ముందు చక్రం దగ్గర సన్నగా పొగ. హారన్ కొట్టాను, లైట్లు వేశాను. దారి అడుగుతున్నానని అనుకుని ఆయన ఇంకా వేగంగా పోతున్నాడు! రోడ్డు కాస్త వెడల్పుగా ఉన్న చోట పక్కకు వెళ్లి, అద్దం దించి, చేత్తో చూపిస్తే అప్పుడు ఆపాడు. బండిలో ముసలమ్మ, ఇద్దరు చిన్నపిల్లలు, అందరికీ గుండ్లు. ఆయన నీళ్ల బాటిల్ తీసి చక్రం మీద పోయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. కాలిపోతున్న డిస్కు మీద చల్లనీళ్లు పడితే పగిలిపోతుంది. "అరగంట కూర్చోండి సామీ, దానంతటదే చల్లారుతుంది" అని నాకు వచ్చిన హిందీలో చెప్పి, గేరు లివరును కిందికి ఎట్లా లాక్కోవాలో చూపించి వచ్చాను. నా బండిలో యాత్రికులు ట్రైను పోతుందని సణిగారు. వాళ్లదీ తప్పు కాదు.

అలిపిరి చేరేదాకా నా బుర్రలో తిరిగింది ఒకటే. 1,500 సీసీ లోపు కారైతే ఆ బండి ప్రీమియం 4,031. నాది 16,293.

ఇంకొక విచిత్రం చూడండి. ఎల్లో బోర్డు బండికి స్పీడ్ లాక్ ఉంటుంది. 80 దగ్గర కట్టేసినట్టు ఆగిపోతుంది, తొక్కినా పోదు. చిత్తూరు, బెంగళూరు హైవే మీద వైట్ బోర్డు బండ్లు 130, 140లో పక్క నుంచి పోతుంటే నా ఎర్టిగా గాలికి ఊగుతుంది. ఈ లాక్ పెట్టింది ప్రభుత్వమే, ప్రమాదాలు తగ్గాలని. మరి తగ్గిన ప్రమాదం నా ప్రీమియంలో ఎక్కడైనా కనిపించాలి కదా! పైగా 2019 జనవరి 1 నుంచి రిజిస్టరయ్యే ప్యాసింజర్ వాహనాలకు, ఆటోల వంటివి పోను, లొకేషన్ ట్రాకింగ్ పరికరం ఉండాలన్నారు. నా బండికీ ఉంది, దాని ఖర్చు కూడా నేనే పెట్టుకున్నాను. నేను ఎక్కడ తిరిగానో, ఎంత వేగంలో పోయానో దానికి నాకంటే బాగా తెలుసు. మా ఇంటావిడకు ఆ పరికరం చేతికిస్తే నా బతుకు బస్టాండే, అది వేరే సంగతి. సమాచారమంతా పెట్టుకుని కూడా, నన్ను కొలిచేటప్పుడు సీసీ, సీట్లు అంటారేంటి?

మీకు ఈ ఆలోచన రాలేదని నేననుకోను. మీరు వేసిన వర్కింగ్ గ్రూపే 2021 జనవరిలో ట్రాఫిక్ ఉల్లంఘనలను బట్టి అదనపు ప్రీమియం వేయాలని సిఫారసు చేసింది. సిగ్నల్ తప్పినవాడికి, తాగి నడిపినవాడికి ఎక్కువ వేయమన్నారు. బాగుంది, వేయండి. తప్పును లెక్కపెట్టే యంత్రాంగం గురించి అంత ఆలోచించినవాళ్లు, తప్పు చేయనివాణ్ని లెక్కపెట్టడం గురించి కూడా అదే కాగితం మీద నాలుగు వాక్యాలు రాయొచ్చు కదా. 2022 జులైలో తిరిగినంతకే కట్టే పద్ధతికి, నడిపే తీరును బట్టి కట్టే పద్ధతికి అనుమతిచ్చారు. చదివి సంతోషపడ్డాను. తీరా చూస్తే అవి ఓన్ డ్యామేజీకి తగిలించే యాడ్ ఆన్‌లు. థర్డ్ పార్టీ దగ్గరికి వచ్చేసరికి మళ్లీ అదే పట్టిక.

ఆ పట్టిక ఎంత మొరటుగా ఉందో మా బావమరిది బండి చూస్తే తెలుస్తుంది. వాడిది బంగారుపాళ్యం. టాటా ఏస్ ఉంది. సీజన్లో తోతాపురి కాయ ఫ్యాక్టరీలకు తోలతాడు, మిగతా రోజుల్లో కూరగాయలు, పాల క్యాన్లు, పెళ్లిళ్ల కుర్చీలు, ఏ బాడుగ దొరికితే అది. సరుకు బండ్లలో మొదటి శ్లాబు 7,500 కిలోల దాకా. థర్డ్ పార్టీ 16,049. ఏస్ బండి నిండా లోడు వేసినా అంతా కలిపి రెండు టన్నుల లోపే. ఏడున్నర టన్నుల మినీ లారీ కూడా ఇదే శ్లాబు, ఇదే 16,049. ఎదురుగా వస్తే ఏది గుద్దితే ఎంత నష్టమో చిన్నపిల్లాడికైనా తెలుసు. మరోపక్క మూడు చక్రాల సరుకు ఆటోకు 4,492. అది మోసేదానికీ ఏస్ మోసేదానికీ తేడా ఉంది, కాదనను. కానీ వాడు రెండు రేట్లూ పక్కపక్కన రాసుకుని నన్ను అడిగాడు: "ఏం బావా, ఒక్క చక్రం జాస్తి ఉన్నందుకు పదకొండున్నర వేలా? ఆ చక్రం ఊడబీకి పక్కన పెట్టేస్తా, తగ్గిస్తారేమో అడుగు." అడుగుతున్నాను.

వాడికే ఇంకొక దెబ్బ తగిలింది. మొగిలి ఘాట్‌లో ముందు బండి టక్కున ఆగితే ఇటు తిప్పి బండకు రాసుకున్నాడు. హెడ్‌లైటు, బంపరు, ఒక పక్క పెయింటు పోయాయి. ఫుల్ ఇన్సూరెన్సు ఉందన్న ధైర్యంతో క్లెయిమ్ పెట్టాడు. వచ్చిన సమాధానం: సరుకు బండ్ల పాలసీలో లైట్లు, బంపర్లు, మడ్‌గార్డులు, టైర్లు, పెయింటు బండి పూర్తిగా పోతే తప్ప వర్తించవు. వర్తించాలంటే ఐఎంటీ 23 అనే ఎండార్స్‌మెంట్‌కు అదనంగా కట్టి ఉండాలి. వాడికి ఆ నంబరు వినడం అదే మొదటిసారి. యాక్సిడెంటులో ముందుగా పోయేవే లైటు, బంపరు. అవి తప్ప మిగతావి ఇస్తాం అన్న పాలసీని మేం ఫుల్ ఇన్సూరెన్సు అని పిలుచుకుంటున్నాం. పాలసీ కాగితం అంతా ఇంగ్లీషులో, చీమతల కాయంత అక్షరాల్లో ఉంటుంది. మొదటి పేజీ మీద తెలుగులో "ఈ పాలసీలో ఇవి రావు" అని అయిదు లైన్లు వేయించడానికి ఎంత ఖర్చవుతుంది?

పన్ను సంగతి మీ చేతిలో లేదని తెలుసు, అది జీఎస్టీ కౌన్సిల్ చూసుకుంటుంది. అయినా మీరు చెబితే వినేవాళ్లు ఉంటారని రాస్తున్నాను. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు వాహనాల థర్డ్ పార్టీ ప్రీమియం మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గించారు. వ్యక్తుల జీవిత, ఆరోగ్య బీమాల మీద పూర్తిగా తీసేశారు. మంచిదే. మా బావమరిదికి దానివల్ల 1,100 రూపాయల పైనే మిగిలింది. మనుషుల్ని ఎక్కించుకునే ఆటోకు, ట్యాక్సీకి మాత్రం 18 అట్లాగే ఉంది. నా 13,808 మీద పన్నే 2,485. మామిడికాయలు మోస్తే 5, మనుషుల్ని మోస్తే 18! ఈ తేడాకు కారణం ఏమిటో ఎవరైనా చెబితే తెలుసుకుంటాను.

రాష్ట్ర ప్రభుత్వం 2025 అక్టోబరులో 'ఆటో డ్రైవర్ల సేవలో' పథకం కింద ఆటో, ట్యాక్సీ, మ్యాక్సీ క్యాబ్ సొంతదారులకు 15,000 వేసింది. అంతకు ముందు వాహనమిత్ర కింద పదివేలు వేసేవాళ్లు. ఏ పార్టీ వేసినా తీసుకున్నాం, దండం పెట్టాం. కానీ మా స్టాండులో లెక్క వేసుకున్నాం. ఆ 15,000 నా ఒక్క థర్డ్ పార్టీకి చాలవు, ఇంకా 1,293 వేసుకోవాలి. ప్రభుత్వం ఒక చేత్తో ఇచ్చింది ఇంకొక చేతిలో పెట్టి రావడానికి మేం మధ్యలో నిలబడ్డాం.

రేటు ఇట్లా ఉంటే ఏం జరుగుతుందో తిరుపతి స్టేషన్ ముందు ఒక పూట నిలబడండి, కనిపిస్తుంది. "కాళహస్తి సామీ, కాణిపాకం సామీ" అని పిలిచేవాళ్లలో వైట్ బోర్డు బండ్లవాళ్లు ఎందరో లెక్కపెట్టండి. పర్మిట్ లేదు, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) లేదు, స్పీడ్ లాక్ లేదు, ప్రీమియం మా దాంట్లో నాలుగో వంతు. అందుకని మాకంటే మూడు వందలు తక్కువకు బాడుగ ఒప్పుకుంటారు. యాత్రికుడికి బోర్డు రంగుతో పనేముంది, ఏసీ ఉందా అని చూసి ఎక్కుతాడు. ఆ బండికి ఏదైనా అయితే అప్పుడు తెలుస్తుంది. సొంతానికి వాడుకుంటానని రాసిన పాలసీ మీద బాడుగ తోలారు కాబట్టి షరతు తప్పారని కంపెనీ అభ్యంతరం పెడుతుంది. కేసు ఏళ్ల తరబడి నడుస్తుంది. కోర్టు దయతలచి ముందు కంపెనీనే కట్టమన్నా, ఆ మొత్తాన్ని తర్వాత బండి ఓనరు దగ్గర రాబట్టుకోమంటుంది. నాకు తెలిసిన కుర్రాడు ఒకడు ఇట్లాగే ఇరుక్కుని ఉన్న ఒక్క ఇంటి స్థలం అమ్ముకున్నాడు. వాడు చేసింది తప్పే. కాకపోతే ఆ తప్పు చేయడానికి ఏడాదికి పన్నెండు వేల రూపాయల ఆశ మనమే చూపిస్తున్నాం. అసలు పాలసీయే లేకుండా తిరిగేవాళ్ల లెక్క ఇంకా సులువు. మొదటిసారి దొరికితే జరిమానా 2,000. ప్రీమియం 16,293. దొరికినప్పుడు చూసుకుందాంలే అనుకుంటారు.

లైసెన్సుల విషయంలో మాకు ఒక మేలు జరిగింది, అది కూడా చెప్పాలి. ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సు ఉన్నవాడు 7,500 కిలోల లోపు ట్రాన్స్‌పోర్టు బండి నడపొచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. 2024 నవంబరు 6న రాజ్యాంగ ధర్మాసనం దాన్నే ఖాయం చేసింది. అంతకు ముందు ట్రాన్స్‌పోర్టు ఎండార్స్‌మెంట్ లేదని చెప్పి క్లెయిములు తోసేసేవాళ్లు. ఆ భయం పోయింది.

ఇక వాయిదాల మాట. బండి ఈఎంఐ నెలనెలా కడతాం. లారీల ట్యాక్సు మూడు నెలలకోసారి కడతారు. క్వార్టర్ ట్యాక్స్ అనేది మా ఇళ్లల్లో పిల్లలకు కూడా తెలిసిన మాట. ఇన్సూరెన్సు ఒక్కటే ఏడాదిదంతా ఒక్కసారిగా ముందే పెట్టాలి. 40 టన్నులు దాటిన పెద్ద లారీకైతే థర్డ్ పార్టీయే 44,242. ప్రీమియం చేతికి రానిదే రిస్కు మొదలుకాకూడదని 1938 నాటి బీమా చట్టంలో 64 వీబీ సెక్షన్ ఉందని ఏజెంటు చెప్పాడు. సరే, ముందే తీసుకోండి. ఏ మూడు నెలలకు ఆ మూడు నెలలది ముందే తీసుకుని, ఆ మూడు నెలలకే రిస్కు ఇవ్వండి. జూన్‌లో నేను నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కడుతున్నాను. నాలుగు నెలలకు తీరుస్తాను. అంటే నా ప్రీమియం మీద ఇంకో 12 శాతం వడ్డీ, అది మీ పట్టికలో కనిపించదు. కొత్త కారు కొన్న వైట్ బోర్డువాళ్లకు మూడేళ్ల థర్డ్ పార్టీ ఒకేసారి ఇస్తున్నారు, మూడేళ్లు రేటు పెరుగుతుందన్న టెన్షన్ ఉండదు. మాకు ఏటా కొత్త భయమే.

2020లో మార్చి 20 నుంచి దర్శనాలు ఆపేశారు. మళ్లీ యాత్రికులను కొండకు వదిలింది జూన్ 11న. సరిగ్గా నా పాలసీ ముగిసే రోజు. మధ్యలో దాదాపు మూడు నెలలు బండి ఇంటి ముందు చింతచెట్టు కింద ఉంది. బ్యాటరీ దిగిపోకుండా రెండు రోజులకోసారి స్టార్టు చేసి ఆపేవాణ్ని. దాని మీద కోడిపెట్ట పడుకునేది. ఆ మూడు నెలలకూ నేను థర్డ్ పార్టీ కట్టే ఉన్నాను. ఆ కోడి వల్ల మూడో వ్యక్తికి ప్రమాదం ఏమీ జరగలేదు. పాలసీ గడువు అయిపోయేవాళ్లకు అప్పట్లో కొన్ని రోజులు పొడిగింపు ఇచ్చారు గానీ, నిలబడిపోయిన బండ్ల రోజులు ఎవరూ వెనక్కి ఇవ్వలేదు. మళ్లీ అట్లాంటిది రాకూడదనే కోరుకుంటాం. వస్తే మాత్రం, ట్రాకింగ్ పరికరంలో కదలని రోజులు కూడా నమోదవుతాయని గుర్తు పెట్టుకోండి.

నేను అడిగేది పెద్దగా ఏమీ లేదు. థర్డ్ పార్టీ రేట్లను మళ్లీ సవరించేటప్పుడు, ఒకే బండి ఉండి తానే నడుపుకునే ఓనర్ కమ్ డ్రైవర్‌కు క్లెయిమ్ లేని ఏళ్లను లెక్కలోకి తీసుకోండి. 50 శాతం అడగడం లేదు. అయిదేళ్లకు 10 శాతంతో మొదలుపెట్టినా, జాగ్రత్తగా నడిపేవాడు ఒకడున్నాడని మీ పట్టికకు తెలిసినట్టవుతుంది. 7,500 కిలోల శ్లాబును రెండుగా విడగొట్టండి, ఏస్ లాంటి చిన్న బండ్లకు వేరే రేటు పెట్టండి. మూడు నెలల వాయిదాకు దారి చూడండి. ముసాయిదా నోటిఫికేషన్ ఇచ్చి అభ్యంతరాలు చెప్పమన్నప్పుడు అది మా దాకా రాదు. మీ వెబ్‌సైట్‌లో ఇంగ్లీషులో ఉంటుంది, మేం అప్పుడు రెండో గేరులో కొండ దిగుతుంటాం. ఒక కాపీ తెలుగులో తీసి ఆర్టీఓ ఆఫీసు గోడకు అంటించమనండి. ఎఫ్‌సీకి వచ్చినవాళ్లం గంటల తరబడి అక్కడే నిలబడి ఉంటాం, చదువుతాం.

ఈ జూన్‌కు ఇవేవీ జరగవని తెలుసు. ఏజెంటు నిన్ననే ఫోన్ చేశాడు. "అన్నా, నీది 11తో అయిపోతాది, ఈసారన్నా రెండు రోజులు ముందు రా, కడాకు సర్వర్ పనిచేయదు" అన్నాడు. స్కూలు నుంచి కూడా మెసేజ్ వచ్చింది. చిన్నదానికి ఈ ఏడు బూట్లు కూడా మార్చాలంట.

ఇట్లు,
తిరుపతి నుంచి ఒక ఎల్లో బోర్డు ఎర్టిగా ఓనర్ కమ్ డ్రైవర్